ఆరని బంగారు చుక్క

మనవరాలు ఆ గాజుపెట్టెను మా ముందుగదిలో బల్ల మీద పెట్టినప్పటి నుంచి నాకు గుండెదడ. అందులో గోరంత పలక. పలక మీద కంటికి ఆనని రేకు, దాని మీద ఎర్రటి చుక్క. ఎర్రగా ఉన్నా అది బంగారమేనట.

"రేకు మూడు అణువుల మందం, అమ్మమ్మా. వెలుతురు పడితే కరెంటు పుడుతది. బంగారం రేణువులు వరుసగ కూసుంటే ఇంకా ఎక్కువ పుడుతది."

"ఎవరు కూసోబెడ్తరు?"

"ఎవ్వరు లేరు. చుక్క మెల్లగ ఆరుతుంటే అవ్వే సర్దుకుంటయి."

"మా సంఘంల ఆడోళ్లు గట్ల ఎన్నడు సర్దుకోరు. నేను అరవాలె."

నవ్వింది గానీ, వెంటనే ముఖం వాడిపోయింది. మిగతా పలకలన్నీ ల్యాబులో ఏసీ గాలికి గబగబా ఆరి చెడిపోయాయట, అందుకే దీన్ని ఇక్కడికి తెచ్చింది. ఇది ఆఖరిది. రేపు హైదరాబాద్‌లో ఈ పలకను పరీక్షిస్తారు. ఇదీ చెడితే పరిశోధనకు ఇక గడువు పెంచనని గైడు చెప్పేశాడట. ఆరేదాకా కదపకూడదు, ఏదీ తగలకూడదు.

ఆ సాయంత్రం మా ఇంట్లోనే ప్రార్థన కూడిక. ఏ వారం ఎవరింట్లోనో లెక్క చూసేది నేనే. ఎవరి వంతూ మార్చనిదాన్ని, నా వంతు ఎలా మార్చను? ఆ సంగతి చెప్పేలోపే పిల్ల చుక్క వేసేసింది.

ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. మా తోటికోడలు ఊరుకోలేదు. "పాస్టరమ్మా, పిల్ల సదువంతా గా డబ్బాలనే ఉన్నదట!"

విత్తనాలకైనా, కొత్త ఆటోకైనా నూనె రాసి, చేతులుంచి ప్రార్థించడం మా అలవాటు. పాస్టరమ్మ బొటనవేలు నూనెలో ముంచింది. అందరూ కళ్లు మూసుకున్నారు, మూత మీదే రాస్తుందనుకుందేమో, మనవరాలు కూడా. నేను మూసుకోలేకపోయాను. పాస్టరమ్మ ఎడమచేత్తో మూత ఎత్తింది.

ప్రార్థన మధ్యలో నోరు తెరవడం నా జన్మలో లేదు. చప్పున చేయి అడ్డం పెట్టాను. కళ్లు తెరవకుండానే ఆమె నా చేతి మీద సిలువ గుర్తు వేసింది. "ఈ డబ్బాను కాపాడు తండ్రీ" అంటుండగా ఒక్కొక్కరి చేయి నా చేతి మీదికి వచ్చింది. ఆ బరువుకు నా వేళ్లు చుక్క వైపు వంగుతున్నాయి. నూనె చిటికెనవేలి దాకా జారింది. పాస్టరమ్మ ప్రార్థన మా మనవరాలి పెళ్లి దాకా వెళ్లింది.

ఆమేన్ అన్నాక చేతులు లేచాయి.

"అమ్మమ్మా, కదలకు!"

మనవరాలు పాస్టరమ్మ చేతిలోని మూత లాక్కుని నా అరచేతి కిందికి జరిపింది. నూనె బొట్టు టప్పున మూత మీద పడింది. మూత కింద ఎర్ర చుక్క చెక్కుచెదరలేదు. పిల్ల అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.