ఆరోనాటి ఖాళీ తాంబాళం

మా సారు ఒక ఖాళీ తాంబాళం గురించి ఢిల్లీలో వ్యాసం చదివి, చప్పట్లు కొట్టించుకుని వచ్చారు. పసిపిల్లలకు శూన్యాన్ని పండుగ ద్వారా ఎలా నేర్పవచ్చో అందులో వివరించారట. ఆ తాంబాళాన్ని బల్ల మీద పెట్టింది నేను. అది ఎందుకు ఖాళీగా ఉందో, దాని ముందు నిలబడి ఎవరు ఏమన్నారో ఆ వ్యాసంలో ఉండే అవకాశం లేదు. అందుకని నేను రాస్తున్నాను.

అరవైల చివర్లో యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉద్యోగుల పిల్లల కోసం ఒక గదిలో నర్సరీ నడిచేది. తార్నాకలో అక్కాబావల ఇంట్లో ఉంటూ, పొద్దున్నే నడిచి వచ్చి అందులో పాఠాలు చెప్పేదాన్ని. నాలుగేళ్ల పిల్లలు పదకొండు మంది, ఒక ఆయమ్మ, కాళ్లు ఊగే బల్లలు. వీటన్నిటి మీదా అధికారి, విద్యాశాస్త్రం చెప్పే మా ప్రొఫెసరుగారు. విదేశంలో చదివి వచ్చిన మనిషి. అక్కడ పిల్లలకు లెక్కలు చెప్పరట, ఆడిస్తారట. ఆటల్లో లెక్కలు వాటంతటవే వస్తాయట. మా నర్సరీలో మాత్రం సుద్దముక్క కూడా దానంతటది వచ్చేది కాదు, ఆఫీసు చుట్టూ తిరిగితేగానీ.

పండుగలతో అంకెలు నేర్పాలన్నది ఆయన పట్టుదల. క్రిస్మస్‌కు దూదితో మంచుబొమ్మలు చేయించారు. హైదరాబాదులో మంచు చూసిన పిల్లలు ఎవరున్నారు? ఎవరో తాతలనుకుని వాటికి దండాలు పెట్టారు. వినాయక చవితికి ఉండ్రాళ్లతో తీసివేతలు. "ఐదిట్ల రెండు తీస్తే ఎన్ని?" అని అడిగాను. రెండు తీసి నోట్లో వేసుకున్నారు. మిగిలిన మూడింటికీ అదే గతి పట్టించి, "లెవ్వు టీచర్" అన్నారు. ఆ జవాబు తప్పని నేను ఇప్పటికీ అనలేను. సారు మాత్రం చాలా గంభీరంగా తల పంకించి, దాన్ని పాక్షిక విజయం కింద జమకట్టారు.

ఆ ఏడు ఆయన కన్ను బతుకమ్మ మీద పడింది. తొమ్మిది రోజులు, రోజుకో బతుకమ్మ, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. దేవుడే ప్రొఫెసరయి సిలబస్ తయారుచేసినట్టుంది కదా అని ఆయన సంబరం. వెంటనే మా దసరా సెలవులకు మంగళం పాడారు. రోజూ పొద్దున పూలతో గుప్పెడంత బతుకమ్మను పేర్చాలి. దాన్ని పిల్లలతో బల్ల మీద వరుసలో పెట్టించి లెక్కపెట్టించాలి. తొమ్మిదోనాడు యూనివర్సిటీ పెద్దలను సతీసమేతంగా పిలిచి అంతా చూపించాలి. సారుది నల్లగొండ వైపు పల్లె. వాళ్లమ్మ ఏటా నిలువెత్తు బతుకమ్మను పేర్చిన మనిషి. కానీ ఆయన ఆ పండుగను పుట్టిన దగ్గర్నుంచీ, ఆట అయ్యాక పంచే సత్తుపిండి వైపు నుంచే చూశారు.

ఇంతలో ఈ ప్రయోగం ఆయన ఇంట్లోనే ముందుగా పేలింది. ఆయన ఒక్కగానొక్క కూతురు మా నర్సరీలోనే ఉండేది. భార్య పుట్టిల్లు కాచిగూడ. పండక్కి పిల్లను తీసుకుని వెళతానని ఆవిడ, పిల్ల వెళితే ప్రయోగంలో ఒకరు తగ్గుతారని ఈయన. మాటా మాటా పెరిగింది. "అయితే దాని జడలు గూడ నీ ప్రయోగమే ఏస్తది తియ్" అని ఆవిడ ఒక్కతే వెళ్లిపోయింది. ఇదంతా పక్క క్వార్టర్ ఆవిడ మా ఆయమ్మకు, ఆయమ్మ నాకు చెప్పింది. క్యాంపస్‌లో పకడ్బందీగా సాగే పరిశోధన అదొక్కటే. సారును ఎవరడిగినా, "పండుగకు పోయింది" అని నవ్వేవారు.

మొదటిరోజు ఆ పిల్ల వచ్చిన అవతారం చూడాలి. ఒక జడ చెవి పక్కన, ఇంకోటి మెడ మీద, పాపిట ఎటు పోయిందో దానికే తెలియదు. పిల్లల మనస్తత్వం మీద గంటలకొద్దీ మాట్లాడే మనిషికి పిల్ల తల దువ్వడం రాలేదు. విప్పి మళ్లీ అల్లుతుంటే అది నెమ్మదిగా అంది.

"అమ్మ అలిగి పోయింది టీచర్. ఎప్పుడొస్తది?"

"వస్తది బిడ్డా."

ఆ రోజు నుంచి పొద్దున్నే నేను జడలు వేయడం, అది అదే మాట అడగడం. దానికి తొమ్మిది అంకెలతో పనిలేదు, అమ్మ ఒక్కతి వస్తే చాలు.

ప్రయోగం మాత్రం సాగింది. క్యాంపస్ బండల మధ్య తంగేడు విరగబూసింది. పిల్లలను వెంటేసుకుని పోయి కోసుకొచ్చేవాళ్లం. నేను పేరుస్తుంటే పూలు అందించేవాళ్లు, సగం పూలు చొక్కా జేబుల్లోకి పోయేవి. పేర్చిన బతుకమ్మను తొమ్మిదోనాటి దాకా బల్ల మీదే ఉంచమన్నారు సారు. సాయంత్రానికి నీళ్లలో వదలకపోతే అరిష్టమని ఆయమ్మ ఎదురుతిరిగింది. చివరికి బకెట్ నీళ్లలో వదిలి, తాంబాళాన్ని మళ్లీ వరుసలో పెట్టి, గుర్తుకు ఒక బంతిపువ్వు ఉంచాం. ఐదు రోజులు ఇలా బాగానే గడిచాయి.

ఆరోనాడు నేను పువ్వు ముట్టలేదు. సారు వచ్చి చూశారు.

"ఏంది టీచరమ్మా, ఆరోది ఏది?"

"ఇయ్యాల పేర్వరు సార్. అలిగిన బతుకమ్మ."

"అలగుడేంది? ఐదు తర్వాత ఆరు రావాలె. సిరీస్ మొత్తం ఖరాబైతది."

"అమ్మ అలిగిన రోజు ఏ ఇంట్లనూ పేర్వరు సార్. మీ ఇంట్ల చూడలేదా?"

"ఎందుకు అలిగిందట?"

"ఎవలో ఏదో చేసే ఉంటరు సార్. ఊరికె ఎవలు అలుగుతరు?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. మనసు కరిగిందేమోనని ఆశపడ్డాను. మళ్లీ ఇటు తిరిగేసరికి మొహం వెలిగిపోతోంది. "శూన్య సమితి!" అన్నారు. ఖాళీ తాంబాళాన్నే ఆరోచోట పెట్టమన్నారు. ఏమీ లేకపోవడాన్ని కూడా పిల్లలు లెక్కపెడతారట. అప్పట్లో కొత్త లెక్కల పిచ్చి మొదలైంది. చేటలో బియ్యం కనిపించినా సమితి అనే రోజులు. నేను తాంబాళం పెట్టాను, పిల్లలు దాని చుట్టూ మూగారు.

"గిండ్ల పువ్వేది?"

"అమ్మ అలిగింది, ఇయ్యాల రాదు" అంది ఆయమ్మ.

సారు కూతురు ముందుకొచ్చింది. "మరి ఎట్ల వస్తది?"

"రేపు మనమే పోయి పిలుద్దాం. పిలిస్తె వస్తది" అన్నాను.

మర్నాడు పదకొండు మందీ తంగేడు పొదల దగ్గర నిలబడి, "రావమ్మా, అలగకు రావమ్మా" అని గొంతులు చించుకుని అరిచారు. అటుగా పోతున్న కాలేజీ విద్యార్థులు ఏదో ఊరేగింపు అనుకుని ఆగారు. పూలు తెచ్చి పేర్చాం. ఏడో బతుకమ్మ బల్ల ఎక్కింది. ఆ పిల్ల దాన్ని చాలాసేపు చూసింది.

"పిలిస్తెనే వచ్చిందా టీచర్?"

"ఆఁ, పిలిస్తెనే."

ఎనిమిదోనాడు జడలు వేస్తుంటే అది అమ్మ ఎప్పుడొస్తదని అడగలేదు. రోజూ అడిగే పిల్ల నోరెత్తకపోతే నాకు భయమేసింది. సారు గదికి వెళ్లాను.

"సార్, పిల్ల బెంగటిల్లింది. మీరొక్కసారి కాచిగూడకు పోయి రాండ్రి."

"తనే పోయింది, తనే వస్తది" అన్నారు కాగితాల మీంచి తల ఎత్తకుండా. "ఎక్కువ అటెన్షన్ ఇస్తే పిల్ల డిపెండెంట్ అయితది టీచరమ్మా. దీని మీద చాలా స్టడీస్ ఉన్నయి."

నాకు ఒళ్లు మండిపోయింది. సీతాఫల్‌మండిలో రైలెక్కితే, పల్లీల పొట్లం ఖాళీ అయ్యేలోపు కాచిగూడ వస్తుంది. ఓడెక్కి సముద్రాలు దాటి పిల్లల గురించి చదవడానికి తీరిక దొరికిన మనిషికి ఆ రైలు దొరకలేదు. వచ్చేశాను. ఇంకేం చేస్తాను, నౌకరీ నాది.

తొమ్మిదోనాడు పెద్దలంతా వచ్చారు. టైలు కట్టుకున్న దొరలు, పట్టుచీరల అమ్మగార్లు. పిల్లల కుర్చీల్లో ఇరుక్కుని మోకాళ్లు గడ్డాలకు ఆనించుకుని కూర్చున్నారు. బల్ల మీద వరుసగా తాంబాళాలు, ఒక్కోదానిలో ఒక బంతిపువ్వు, ఆరోదానిలో ఏమీ లేదు, చివర ఆనాటి సద్దుల బతుకమ్మ. సారు కొత్త సూటులో పావుగంట ప్రసంగించి, ప్రదర్శనకు తన కూతురినే ఎంచుకున్నారు. సొంత సరుకు మీద నమ్మకం మరి.

పిల్ల వేలితో చూపిస్తూ నడిచింది. "ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు." ఖాళీ తాంబాళం దగ్గర ఆగింది. "అలిగింది."

అందరూ ముచ్చటగా నవ్వారు. సారు శూన్య సమితి గురించి నాలుగు ముక్కలు చెప్పి, "ఆఁ, తర్వాత?" అన్నారు.

పిల్ల కదల్లేదు.

"తర్వాత ఎంత బేబీ? చెప్పు. డాడీకి చెప్పు."

ఏడో తాంబాళం పక్కనే ఉంది. దానిలో బంతిపువ్వు కూడా ఉంది. పిల్ల మాత్రం ఖాళీ దాని అంచు పట్టుకుని నిలబడింది.

"ఏడు రాదు" అంది.

"ఎందుకు రాదమ్మా?" అని ముందు కూర్చున్న పెద్దావిడ ముద్దుగా అడిగింది. అందరికంటే పెద్ద దొరగారి భార్య ఆవిడ.

పిల్ల ఆవిడ వైపు చూడలేదు. తండ్రి వైపే చూసింది. డాడీ అని పిలవడం ఆయన ఎంత ఓపికగా నేర్పారో, అంతా ఆ నిమిషంలో ఎగిరిపోయింది.

"పిలిస్తెనే వస్తది బాపూ. మేమందరం పోయి పిలిస్తె బతుకమ్మ వచ్చింది. నువ్వు అమ్మను పిలవనే పోలేదు."

సారు నోరు తెరిచారు. ఆయన దగ్గర స్టడీస్ చాలా ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. దొరలు పైకప్పు పరిశీలించసాగారు. నాకు నవ్వొచ్చి ఉండాల్సింది. ఏడుపొచ్చింది. ఆయమ్మ నాకంటే ముందే కొంగు నోట్లో కుక్కుకుంది.

పెద్దావిడ కుర్చీలోంచి కష్టపడి లేచి, పిల్ల తల నిమిరి, సారు ముందు నిలబడింది. "ఇయ్యాల సద్దుల బతుకమ్మ నాయినా. ఇల్లాలు లేకుంట వాకిట్ల ఏం ఆడుతరు? పో, పిలుచుకరా పో."

ఆమె భర్తకే యూనివర్సిటీలో ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. ఇక ఆమెకు ఎవరు చెబుతారు? వందన సమర్పణ జరగలేదు. సారు సూటుతోనే సీతాఫల్‌మండి స్టేషన్ వైపు నడవడం అందరం కిటికీలోంచి చూశాం.

పొద్దు గూకే వేళకు మా తార్నాక ఆడవాళ్లంతా క్యాంపస్ క్వార్టర్ల ముందు మైదానంలో బతుకమ్మలు దించారు. నేనూ అక్కా చప్పట్లు కొడుతూ తిరుగుతున్నాం. అంతలో ఆ పిల్ల జనంలోంచి దూసుకొచ్చి నా కొంగు పట్టుకుంది. రెండు జడలు నున్నగా, సమానంగా, కొసలకు ఎర్ర రిబ్బన్లు. నేను వేసినవి కావు. దూరంగా వాళ్లమ్మ వస్తోంది. మొహం ఇంకా ముడుచుకునే ఉంది. ఆవిడ వెనకాల సూటు నలిగిపోయిన మా సారు, రెండు చేతులా బతుకమ్మ తాంబాళం మోసుకుంటూ.

నేను వంగాను. పిల్ల నా చెవిలో నోరు పెట్టి, "ఏడు" అంది.