ఒరీసియా షేక్‌హ్యాండ్ ఇవ్వని రోజు

మా ఊళ్లో మంచు మీద రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ క్లబ్బు ఉంది. దాని వంటగదిని ఒరీసియా ముప్పై ఒక్క ఏళ్లుగా ఏలుతోంది. ఏలుతోంది అని ఊరికే అనలేదు. ఆమె గరిటెతో కౌంటరు మీద ఒక్కసారి తట్టిందంటే క్లబ్బు ప్రెసిడెంటు కూడా నోరు మూసుకుంటాడు. అంతకుముందు బళ్లో వంటావిడ. వెనక్కొచ్చిన పళ్లేలు చూసి, ఏ పిల్లకు ఒంట్లో బాగాలేదో టీచరుకన్నా ముందే చెప్పేదట. ఆ చూపు మా పళ్లేల మీదా ఉండేది. ఆ ఫిబ్రవరి శనివారం దాకా నాకదంటే చిరాకు.

మంచు మీద ఆడేవాళ్లం ఏ జబ్బునీ ఒప్పుకోం. వణుకొస్తే మంచు చలి అంటాం. గొంతు పోతే అరిచాం కదా అంటాం. ఒళ్లు నొప్పులైతే, జారుతున్న రాయి ముందు చీపురుతో రుద్దీ రుద్దీ వచ్చాయంటాం. ఆ రోజు పొద్దున గుడ్లూ సాసేజీ సుబ్బరంగా లాగించాను. పన్నెండు దాటేసరికి తల పగిలిపోతోంది, కాళ్లు పీకుతున్నాయి. రెండింటికి ఫైనలు. అది అవగానే మా అమ్మాయి తాన్యా ఇంటికి వెళ్లాలి. నెలలు నిండకుండానే పుట్టిన మనవరాలిని ముందురోజే ఆసుపత్రి నుంచి తెచ్చారు. ఊపిరితిత్తులు ఇంకా బలపడలేదు, జాగ్రత్త అన్నారు. నేనింకా ఆ పిల్లను ఎత్తుకోలేదు. పొద్దున్నుంచీ క్లబ్బంతా అదే చెప్పుకు తిరుగుతున్నాను.

ఆటకు ముందు అందరం షేక్‌హ్యాండ్ ఇచ్చుకోవడం ఆనవాయితీ. మా క్లబ్బులో ఒరీసియాకీ ఇచ్చే వెళ్తాం. నేను చెయ్యి చాపాను. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఏమయ్యా మైరన్, పెరోగీలు అట్లాగే వదిలేశావేం?" మధ్యాహ్నం ఆమె పెట్టిన ఆ బంగాళదుంప కుడుములు నా ప్లేట్లో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఆకల్లేదండీ. కాస్త జలుబు."

"ముక్కు కారుతోందా? తుమ్ములా?"

"అవేం లేవు. పొడిదగ్గంతే. నిన్నటి ఆటకి ఒళ్లు హూనమైంది."

"నువ్వు కెప్టెనువి కదయ్యా! అవతలి చివర నిలబడి అరవడం తప్ప నిన్న చీపురెక్కడ రుద్దావు? రుద్ది చచ్చింది ఆ బోరిస్. వాడేమో మూడు ప్లేట్లు ఊదేశాడు."

వెనకాల మావాళ్లు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నొప్పులకి నేను చెప్పుకున్న కారణం నాకే పనికి రాకుండా పోయింది.

"జలుబు మెల్లిగా వస్తుంది. నిన్ను ఇది ఒక్కపూటలో పడేసింది. వణుకుతున్నావు, కళ్లు చూడు, చింతనిప్పుల్లా ఉన్నాయి. ఫ్లూ ఇది."

"మీరేమైనా డాక్టరా?" అన్నాను కోపంగా.

"కాదు, పిండి పిసుక్కునేదాన్ని. డాక్టరు దగ్గరికే పో. ఆయన ఫ్లూ కాదంటే నలుగురిలో నీకు క్షమాపణ చెప్తా. అంతదాకా ఆ పసిగుడ్డు దగ్గరికి పోయావో, ఇక్కడ నీకు మంచినీళ్లు కూడా పుట్టవు."

సణుక్కుంటూనే వెళ్లాను. జ్వరం నూట మూడు. పరీక్షలో ఫ్లూ అనే తేలింది. మొదటిరోజే రావడం మంచిదైందని డాక్టరు మాత్రలిచ్చాడు. ఆరు రోజులు మంచం దిగలేదు. నేను లేకుండానే మావాళ్లు ఫైనలు గెలిచారు, అది వేరే బాధ.

కానీ ఆ మంచంలో పడుకుని నేను లెక్కలేనన్నిసార్లు అదే ఊహించుకున్నాను. జలుబేగా అనుకుంటూ ఆ పిల్లను గుండెకు హత్తుకుని, మొహం మీద మొహం పెట్టి ముద్దాడుతున్నాను. వెళ్లేవాణ్ణే. ఎవరు ఆపినా ఆగేవాణ్ణి కాదు, ఒరీసియా తప్ప. ఆమెకు నేనెన్ని దండాలు పెట్టినా తక్కువే.

మే నెలలో, క్లబ్బులో మంచు తీసేశాక, మనవరాలిని ఎత్తుకుని వంటగదికి వెళ్లాను. పిల్ల బొద్దుగా ఉంది, గొంతు క్లబ్బంతా వినిపిస్తోంది. ఒరీసియా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చి, పిల్ల చేతికి తన వేలు అందించింది.

తర్వాత నావైపు చెయ్యి చాపింది. "ఆ రోజుది బాకీ ఉండిపోయింది కదయ్యా."

ఆ చేతిని నేను చాలాసేపు వదల్లేదు.