చింపేసిన పది అంకెలు

ఇల్లందు నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో, మోకాళ్లు చెవులకు తగిలే సీటు నాది. నా పక్కన బొగ్గుగని క్యాంటీన్‌లో వంటచేసే ఒకావిడ కూర్చుంది. ఆవిడ ఒళ్లో పెళ్లి సరుకుల చిట్టా అంత పొడుగు ఉత్తరం. అశ్వారావుపేట పామాయిలు తోటల్లో పనిచేసే కలం స్నేహితురాలికి, షిఫ్టుకు నాలుగు వాక్యాల చొప్పున నెల్లాళ్లు రాసిందట. ఇద్దరూ ఇంతవరకు మొహాలు చూసుకోలేదు.

చివరి పేజీ చూసి ఆవిడ భగ్గుమంది.

"మా కొడుకు ఉత్తరం కింద నా ఫోన్ నంబర్ రాసిండు సారూ!"

"మంచిదే కదక్కా, జల్దీ మాట్లాడుకోవచ్చు" అన్నాను, దేశంలోని సెల్ టవర్లన్నిటి తరఫునా.

"ఏంది మంచిది? ఫోన్ల అయితే తిన్నవా, పండుకున్నవా అని పెట్టేస్తం. మా ఆయన పోయినంక నేనెట్ల బతికిన్నో ఆమెకొక్కదానికే రాసిన. గది ఫోన్ల చెప్పొస్తదా? ఈ నంబర్ చేరిందంటే మా ఉత్తరాలు బందే!"

అంటూనే ఆ పది అంకెలనూ పళ్లతో కొరికి చింపి, కిటికీలోంచి అడవిలోకి విసిరేసింది. ఇక కోతులు ఫోన్ చేసినా ఆవిడ ఎత్తదు.

అప్పటి నుంచి నన్నెవరు నంబర్ అడిగినా ఇంటి చిరునామా రాసిస్తున్నాను. లక్షమంది తిట్టారు. ఒకాయన ఉత్తరం రాశాడు. అందులో ఏముందో మీకు చెప్పను.