విశ్వాన్ని ముంచిన ప్లస్సు

నేనొకసారి విశ్వం మొత్తాన్ని ముంచేశాను. విడవలూరు దగ్గర మా ఊరి చర్చిలో, ఆదివారం ఆరాధన మధ్యలో, మైకు పట్టుకుని మరీ ముంచాను. ఎలాగో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

అప్పటికి చెన్నైలో భౌతికశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టి ఏడాదైంది. మొదటి లెక్క పూర్తయింది. మా గైడు ఇంకా చూడనేలేదు గానీ, నాకు నెత్తిన కొమ్ములు మొలిచాయి. సెలవుకు ఊరొస్తే పాస్టరు గారు పిలిచి, "చదువులో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. మా చర్చిలో పరీక్ష పాసైనా, పడవ క్షేమంగా ఒడ్డు చేరినా లేచి సాక్ష్యం చెప్పాల్సిందే. రెండు ముక్కల్లో స్తోత్రం చెప్పి కూర్చోవచ్చు. నేను కూర్చుంటానా?

"మన విశ్వం మెట్ల మధ్యలో ఆగిన బంతి లాంటిది. దీన్ని మిథ్యా శూన్యం అంటారు. ఎక్కడో ఒక చిన్న బుడగలో విశ్వం కింది మెట్టుకు జారిందంటే, ఆ బుడగ పెరిగి అన్నిటినీ మింగేస్తుంది. గురుత్వాకర్షణ దాన్ని ఇంకా తొందరపెడుతుందని నా లెక్కలో తేలింది!"

చప్పట్లు రాలేదు. పడవ నడిపే యేసురత్నం అన్న లేచాడు.

"తుఫానుకు మాదిరి కృష్ణపట్నం పోర్టులో హెచ్చరిక ఎగరేస్తారా పాపా?"

"లేదన్నా. దాదాపు వెలుగంత వేగంతో వస్తాది. తెలిసేలోపే మనముండం."

"ఎప్పుడొస్తాది?"

"ఇప్పుడైనా రావచ్చు."

'కోట్ల కోట్ల ఏళ్లదాకా రాకపోవచ్చు' అనే ముక్క నాలుక మీదే ఉండిపోయింది. అంత మంచి నిశ్శబ్దాన్ని ఎవరు పాడుచేసుకుంటారు చెప్పండి!

పాస్టరు గారు మైకు తీసుకుని మూడు దినాల ఉపవాస ప్రార్థన ప్రకటించారు. నాకు లోలోపల నవ్వొచ్చింది. ఇంటికెళ్లాక షుగరున్న మా అవ్వ అన్నం కంచం పక్కకు తోసింది.

"మాత్ర వేసుకుని తినకపోతే పడిపోతావవ్వా!"

"బుడగ ఆగిందాకా ముద్ద ముట్టను."

"అది ఇప్పట్లో రాదులే."

"ఇప్పుడైనా రావచ్చని మైకులో చెప్పినావే?"

సోమవారం పొద్దుటికి అవ్వ గోడ పట్టుకుని నడుస్తోంది. నాకు నిజంగా భయమేసింది. విశ్వం పోతే పోయింది, అవ్వ ఉండాలి. ఏమైనా ఊరట దొరుకుతుందేమోనని వంటింట్లో కాగితాలు పరుచుకుని లెక్క మొదటినుంచి చేశాను. మధ్యాహ్నానికి దొరికింది. గురుత్వాకర్షణ దగ్గర మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ వేశాను. సరిచేస్తే అంతా తలకిందులైంది. బుడగ గోడకు కావలసిన శక్తి లోపలినుంచే రావాలి. గురుత్వాకర్షణ లోపలి చోటును వంచేసి, ఆ శక్తి చాలకుండా చేస్తుంది. కింది మెట్టు మరీ లోతుగా లేకపోతే బుడగ అసలు పుట్టనే పుట్టదు!

"అవ్వా, బుడగ ఆగిపోయింది! తప్పు నాదే!"

అవ్వ కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పి, కంచం దగ్గరికి లాక్కుంది. ఆమె తింటుంటే నాకు ఏడుపొచ్చింది.

మరుసటి ఆదివారం లేచి, సిగ్గు చంపుకుని, నా లెక్క తప్పని ఒప్పుకున్నాను. ఈసారి చర్చి దద్దరిల్లేలా చప్పట్లు!

"చూసినారా!" అన్నారు పాస్టరు గారు. "ప్లస్సుగా ఉన్నదాన్ని మన ప్రార్థన ఆలకించి ప్రభువు మైనస్ చేసినాడు!"

నేను నోరు తెరిచేలోపు అవ్వ నా చున్నీ పట్టి కూర్చోబెట్టింది.

"ఇట్టాంటి లెక్కలు ఇంకా ఎన్ని చేస్తావు పాపా? ఈ షుగరుతో ఏడాదికి ఒక తప్పుకంటే ఎక్కువ తట్టుకోలేను."

అందరి ముందూ అక్కడే ప్రతిజ్ఞ చేశాను: మా గైడు చూడనిదే, మా అవ్వ భోంచేయనిదే, విశ్వం గురించి ఎక్కడా నోరు విప్పను.