తుపాకీకి పెట్టిన బొట్టు

వీరభద్రం పేరుకీ మనిషికీ ఆమడ దూరం. కెనడాలో టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో పదకొండేళ్ళుగా కాపురం, టొరంటో ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లీడు, వయసు యాభై రెండు. బాత్‌రూమ్‌లో సాలీడు కనబడితే భార్య విశాలాక్షిని కేకేస్తాడు. ఇదంతా ఎవరో చాటుగా చెప్పుకునే మాట కాదు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌ విందులో పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని ఆయనే చెప్పుకుంటాడు. "నా అంత పిరికివాడు ఈ చుట్టుపక్కల లేడండీ, కావాలంటే మా ఆవిడని అడగండి" అంటాడు. అలాంటివాడు తుపాకీ కొన్నాడు. అదీ ఉత్తి తుపాకీ కాదు, సకల లాంఛనాలతో!

ఇంతకీ దానికి కారణం రూప. ఆ ఏడాది, అంటే 2023లో, మన పిల్లలు కెనడాకి తండోపతండాలుగా వచ్చిపడ్డారు. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే వంద మంది రెజ్యూమెలు పట్టుకుని బయట లైను కట్టేవారు. వీళ్ళ వీధిలో విద్యార్థులు లేని బేస్‌మెంట్ లేదు. వీరభద్రం ఇంటి బేస్‌మెంట్‌లోకి జగిత్యాల నుంచి రూప అద్దెకి వచ్చింది. పగలు కాలేజీ, వారానికి మూడు రోజులు వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్. తండ్రి లేని పిల్ల. దిగిన రోజే వాళ్ళమ్మ పద్మిని వీడియో కాల్ చేసి కళ్ళొత్తుకుంది.

"అన్నా, నాకు ఒక్కతే బిడ్డ. మీ చేతుల పెడుతున్న. పైలంగ చూసుకోన్రి."

వీరభద్రం గుండె మీద చెయ్యి వేసుకుని, "నేనున్నాగా అమ్మా!" అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆవిడ ఫోన్ చేసి "పిల్ల పైలమేనా అన్నా?" అని అడగడమూ, ఈయన "నేనున్నాగా" అనడమూ ఆనవాయితీ అయిపోయింది. అలా అన్నప్పుడల్లా ఆయన ఛాతీ ఒక అంగుళం పెరిగేది. పెరిగిందంతా పొట్టేనని విశాలాక్షి అనేది, అది వేరే సంగతి.

ఇలా ఉండగా రెండిళ్ళ అవతల సుబ్బరాజు గారింట్లో పట్టపగలు దొంగలు పడ్డారు. తలుపు పగలగొట్టి, తాళాలు వెతికి, వాకిట్లో ఉన్న కొత్త కారు తోలుకుపోయారు. ఆ రోజు నుంచి వీరభద్రానికి అన్నం సయించలేదు. రేపు మన తలుపే పగలగొడితే? కింద ఆడపిల్ల ఉంది. వాళ్ళమ్మకి మాటిచ్చాను. పూర్వం టెక్సాస్‌లో ఆరేళ్ళు ఉన్నప్పుడు కొలీగులు లంచ్‌లో చెప్పుకున్న తుపాకీ కబుర్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"సాలీడుని చంపలేరు గానీ దొంగల్ని చంపుతారాండీ?" అంది విశాలాక్షి.

"చంపడం ఎందుకే? చూపిస్తే చాలు, పారిపోతారు" అన్నాడు.

లైసెన్సు కోసం శని, ఆదివారాల క్లాసులో చేరాడు. తుపాకీ ఎందుకని పాఠం చెప్పే ముసలాయన అందర్నీ అడిగాడు. మనవాడు లేచి నిలబడి, "హోమ్ డిఫెన్స్" అన్నాడు. ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఈ దేశంలో తుపాకీ అందుకు కాదనీ, ఇంట్లో ఉంచితే తూటాలు తీసి, తాళం వేసి ఉంచాలనీ ఓపిగ్గా చెప్పాడు. కాఫీ బ్రేక్ తర్వాత మళ్ళీ అడిగితే మనవాడు "బాతుల వేటకి" అన్నాడు. అబద్ధమాడినందుకు ఆ రాత్రి దేవుడి ముందు లెంపలేసుకున్నాడు కూడా.

లైసెన్సు రావడానికి నెలలు పట్టింది. ఈలోగా ఊరుకున్నాడా? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తుపాకీ రాకముందే సరంజామా మొదలుపెట్టాడు. టెస్టింగ్ లీడు కదా, ఎక్సెల్ షీటు తెరిచాడు. గొట్టానికి బిగించే టార్చీలు పద్నాలుగు రకాలు. భుజానికి తగిలించుకునే బెల్టులు తొమ్మిది. కాల్చినప్పుడు భుజం అదరకుండా వెనక తొడిగే రబ్బరు మెత్తలు ఆరు. తూటాలు గుచ్చుకునే పట్టీలు, తోలువీ గుడ్డవీ. ఒక్కోదానికీ మార్కులు, రంగులు, రిమార్కులు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ విడుదలకి కూడా అంత శ్రద్ధ పెట్టలేదని ఆయనే ఒప్పుకుంటాడు. వాటర్లూ యూనివర్సిటీలో చదువుకుంటున్న కూతురు అనన్యకి షీటు పంపిస్తే, "డాడ్, ఆర్ యూ ఓకే?" అని ఒక్క ముక్క జవాబొచ్చింది.

చివరికి లైసెన్సు వచ్చాక తుపాకీల దుకాణంలో కౌంటరు మీద ఈ చిట్టా అంతా పరిచాడు. అక్కడి మనిషి మొదటి నుంచి చివరి దాకా చదివి, "అసలుది మర్చిపోయావు" అంటూ అరచేతిలో పట్టే ఇనప తాళం ఒకటి ముందు పెట్టాడు. ట్రిగ్గర్ లాక్. రెండు బిళ్ళలు, మధ్యలో ట్రిగ్గర్ బిగుసుకుపోతుంది, తాళంచెవి తిప్పితే గానీ ఊడదు. ఎక్సెల్ షీటులో లేని వస్తువు అదొక్కటే. వీరభద్రం మొహం మాడ్చుకుని తుపాకీతో పాటు దాన్నీ కొన్నాడు.

ఆ తర్వాత దసరా వచ్చింది. ఆయుధ పూజ రోజున కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టారు, విశాలాక్షి కుట్టుమిషనుకి దండ వేశారు. అప్పుడు వీరభద్రం మేడ మీద నుంచి తుపాకీని తాళంతో సహా రెండు చేతులా మోసుకొచ్చి పీట మీద పెట్టాడు.

"దీనికి కూడానా?" అంది విశాలాక్షి.

"ఆయుధ పూజలో అసలైన ఆయుధం ఇదొక్కటేనే పిచ్చిదానా!"

విశాలాక్షికి తుపాకీ ఇష్టం లేదు గానీ పూజంటే పూజే, అందులో లోటు చెయ్యదు. పసుపు తడిపి గొట్టం పొడుగునా రాసింది. తాళం గుండ్రంగా నుదురులా కనబడిందేమో, దాని నిండా పసుపు మెత్తి, నడిమధ్యన పెద్ద కుంకుమ బొట్టు దిద్దింది. రూప హారతి కళ్ళకద్దుకుంది. అందరూ ఫోటోలు దిగారు. వీరభద్రం బొట్టు చెరపకుండా తుపాకీని భక్తిగా నంబరు తాళమున్న ఇనప బీరువాలో పెట్టేశాడు.

ఇక జనవరిలో ఒక గురువారం. మధ్యాహ్నం మూడు గంటలు, బయట మోకాలి లోతు మంచు. విశాలాక్షి క్లినిక్‌లో ఉద్యోగానికి వెళ్ళింది. వీరభద్రం చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీటింగ్‌లో ఉన్నాడు. ఎందుకో వెనక తలుపు వైపు చూశాడు. అద్దం అవతల నల్లటి కోటు, తల మీద ముసుగు, కళ్ళు తప్ప మొహమంతా చుట్టేసిన గుడ్డ. చేతిలో ఇనుము మెరిసింది.

మీటింగ్‌లో "వన్ మినిట్" అని, మేడ మీదకి పరుగెత్తాడు. ముందు తూటాల పెట్టె తాళం తీశాడు. రెండు తూటాలు చొక్కా జేబులో వేసుకున్నాడు. బీరువాకి నంబరు నొక్కాడు, తెరుచుకోలేదు. అది పెళ్ళిరోజు అనుకున్నాడు, కాదు, కెనడాలో దిగిన రోజు. మూడోసారికి తెరుచుకుంది. తుపాకీ బయటికి లాగాడు. టార్చి దానంతటదే వెలిగింది. నంబర్ వన్ మార్కులు తెచ్చుకున్న టార్చి! పట్టపగలు ఆయన మోకాళ్ళని దేదీప్యమానంగా వెలిగించింది. ట్రిగ్గర్ లాక్‌లో తాళంచెవి పెట్టాడు. సగం దూరి ఆగిపోయింది.

పసుపు! దసరా పసుపు కన్నంలోకి దిగి, ఎండి, రాయైపోయింది.

కింద తలుపు జరిగిన చప్పుడు. ఉదయం పిచ్చుకలకి బియ్యం వేసొచ్చి గడియ పెట్టడం మరిచినవాడు సాక్షాత్తూ వీరభద్రమే. విశాలాక్షి చీర పిన్నీసు ఒకటి తీసుకుని కన్నంలో పసుపు గోకడం మొదలుపెట్టాడు. ఆ క్షణంలో తాళం ఊడి ఉంటే తూటాలు ఎక్కించేవాడు, మెట్ల మీద అడుగు వినబడగానే కాల్చేవాడు. చూపించడం, బెదిరించడం, ఆ ఆలోచనే లేదు. ఇది మాత్రం ఆయన పాట్‌లక్‌లో ఎప్పుడూ చెప్పలేదు.

మెట్ల మీద అడుగులు పైకొచ్చాయి.

"అంకుల్, ఉన్నరా? చాయ్ పెడుతున్న, మీకు గూడ పెట్టాల్నా?"

రూప గుమ్మంలో నిలబడింది. నల్లకోటు మీద ఇంకా మంచు కరగలేదు. బీరువా పక్కన నేల మీద కూర్చున్న అంకుల్‌ని, ఒళ్ళో తుపాకీని చూసి, తుడుస్తున్నాడనుకుంది.

"వేర్‌హౌస్‌ల ఇయ్యాల జల్దీ పంపిచ్చిన్రు అంకుల్. బేస్‌మెంట్ పక్క తలుపు కాడ మంచు గడ్డ కట్టింది. గంట కొట్టిన, ఫోన్ చేసిన. మీరు మీటింగ్‌ల ఉన్నరేమో అని పారతోని మంచు ఎత్తుకుంట వెనక నుంచి వచ్చిన. తాళం పట్టేసిందా? మా వేర్‌హౌస్‌ల గూడ గిట్లనే పడతయి. ఆగున్రి."

వద్దనే లోపే రూప వెళ్ళి, విశాలాక్షి కుట్టుమిషను దగ్గరున్న నూనె తెచ్చి కన్నంలో రెండు చుక్కలు వేసింది. తాళంచెవి అటూ ఇటూ ఆడించింది. టక్‌మని తాళం రెండు బిళ్ళలై వీరభద్రం ఒళ్ళో పడింది.

"అయిపాయె!" అని నవ్వింది.

వీరభద్రం నవ్వలేదు. జేబులోంచి తూటాలు తీసి దూరంగా చాప మీద పెట్టాడు. ఒకటి దొర్లి రూప పాదం దగ్గర ఆగింది. ఆ పిల్ల దాన్ని చూసింది, ఆయన్ని చూసింది.

"ఎవరొచ్చిన్రనుకున్నరు అంకుల్?"

"దొంగ అనుకున్నానమ్మా. నిన్నే."

రూప మంచం అంచున కూలబడింది. కింద చాయ్ పొంగి స్టవ్ మీద పడుతున్న వాసన వచ్చినా ఇద్దరూ లేవలేదు.

శనివారం తుపాకీని, టార్చీని, బెల్టుని, రబ్బరు మెత్తని దుకాణానికి తిరిగి ఇచ్చేశాడు. తాళం మాత్రం ఇవ్వలేదు. ఆదివారం మామూలుగానే పద్మిని ఫోన్ వచ్చింది. ముందు రోజు రూప ఒక మాటంది, "అమ్మకు నేను చెప్ప అంకుల్, చెప్తే మీరే చెప్పున్రి" అని. చెబితే ఆ తల్లి పిల్లని ఈ ఇంట్లో ఒక్క పూట కూడా ఉంచదని ఆయనకి తెలుసు.

"పిల్ల పైలమేనా అన్నా?"

ఈసారి నేనున్నాగా అనలేదు. వీరభద్రం మొత్తం చెప్పేశాడు. పసుపు సంగతి, పిన్నీసు సంగతి, జేబులో తూటాల సంగతి, కాల్చేసి ఉండేవాణ్ణన్న సంగతి. జీవితంలో మొదటిసారి, ఒక్కచోట కూడా నవ్వించడానికి ప్రయత్నించలేదు. "మీ అమ్మాయిని ఎక్కడికి పంపమంటే అక్కడ దింపి వస్తానమ్మా" అని ముగించాడు.

తెర మీద పద్మిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఆ తాళానికి పసుపు పెట్టిన చెయ్యి ఎవరిదన్నా?" అని అడిగింది చివరికి.

"మా విశాలాక్షిదమ్మా."

"ఒక్కసారి వదినకియ్యున్రి ఫోను."