గవాచి, డక్టు, మా అక్క దగ్గు

"నాకు ఈడ ఊపిరాడలా పాపా, కుప్పం పోతా" అని అక్క చెప్పిన రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అరవై దాటినా నన్ను పాపా అని పిలిచే మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. బావ పోయాక, మిగిలిన రోజులు ఇద్దరం కలిసి గడుపుదామని నేనే బతిమాలి మదనపల్లెకు తెచ్చుకున్నాను. కుప్పంలో ఆమె కొడుకు ఇంటి పక్కనే గ్రానైటు రాళ్లు కోసే షెడ్లున్నాయి. ఆ దుమ్ముకు ఆయాసం వస్తోందని, గాలి మార్పు మంచిదని అక్కడి డాక్టరు చెప్పాడు. మదనపల్లె గాలికి మొదటి నుంచీ మంచి పేరు. అలాంటి ఊరికి వచ్చి, అదీ నా ఇంట్లో, ఊపిరాడటం లేదంటే నాకు తల కొట్టేసినట్టయింది.

నేను బడిలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నా మాటే నెగ్గాలనే గుణం ఆ ఉద్యోగం వల్ల వచ్చిందో, అంతకుముందే ఉందో చెప్పలేను. అక్కనడిగితే పుట్టినప్పటి నుంచీ ఉందంటుంది. రిటైరయ్యాక ఆ గుణానికి పని లేకుండా పోతుందేమోనని దిగులు పడ్డాను గానీ, మా అపార్ట్‌మెంటు వాళ్లు పిలిచి నన్ను సెక్రటరీని చేశారు. ఐదంతస్తులు, ఇరవై ఇళ్లు. కింద నోటీసు బోర్డు మీద నా పేరు పెద్ద అక్షరాలతో రాయించారు. కూరగాయలకు పోయి వచ్చేటప్పుడల్లా దాన్నొకసారి చూసుకునేదాన్ని. ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

మా బిల్డింగు నడుమ డక్టు ఉంది. తెలియని వాళ్లకు చెప్పాలంటే, కింద నేల నుంచి పైన మిద్దె దాకా నిలువుగా వదిలేసిన ఖాళీ. స్నానాల గదుల వెంటిలేటర్లు అందులోకే తెరుచుకుంటాయి. వంటింటి చిమ్నీ గొట్టాలూ అందులోకే. అన్ని ఇళ్ల తేమ, పొగ, తాలింపు ఘాటు ఆ దారినే పైకి పోవాలి.

నేను సెక్రటరీ అయిన ఏడాది తుపాను పట్టి నాలుగు రోజులు వాన వదల్లేదు. డక్టులోంచి జల్లు స్నానాల గదుల్లోకి కొట్టింది. వానకు ముందు నుంచే పావురాల గొడవ ఉండనే ఉంది. కింది ఇంటావిడ ఈకలు ఏరి, కాగితంలో పొట్లం కట్టి తెచ్చి మరీ నాకు చూపించింది. నేను రెండో ఆలోచన చేయలేదు. మేస్త్రీని పిలిపించి డక్టు పైన ఫైబరు రేకు వేయించి, చుట్టూ సిమెంటు పూయించేశాను. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎందుకంటే ఆ ఇళ్లలో చాలామంది నాలాగే మట్టి మిద్దెల్లో పెరిగినవాళ్లు. వాన వస్తే ఇంటి నెత్తిన ఉన్న కంత మూసేయాలన్నది మాకెవరూ నేర్పనక్కర్లేదు.

పుంగనూరులో మేం పెరిగిన ఇల్లు అలాంటిదే. వంటింటి కప్పులో మూరెడు చదరం కంత ఉండేది, దాన్ని గవాచి అనేవాళ్లం. పొయ్యి పొగ బయటికి పోవాలన్నా, వెలుగు లోపలికి రావాలన్నా అదొక్కటే దారి. పొద్దున దాంట్లోంచి పడే ఎండ మొదట గోడ మీద ఉండేది. మెల్లగా దిగి రోలు దగ్గరికి వచ్చిందంటే మాకు బడికి టైమయినట్టు. ఆ ఎండలో పొగ సుడులు తిరుగుతూ పైకి పోతుంటే, చేతిలో సంగటి ముద్ద చేతిలోనే పెట్టుకుని చూస్తూ కూర్చునేదాన్ని. అమ్మ ఒకటి అంటించేదాకా ముద్ద నోట్లోకి పోయేది కాదు. ఇప్పటికీ ఎక్కడన్నా కట్టెల పొయ్యి వాసన తగిలితే ఆ ఎండ, పొయ్యి ముందు వంగిన అమ్మ వీపు గుర్తొస్తాయి. నాకు ఏడుపొస్తుంది. నలుగురిలో ఉంటే పొగ కళ్లలో పడిందంటాను.

అమావాస్యకు ముందు రోజు అమ్మ వెదురుకర్రకు పాత చీపురు కట్టి, నీళ్లలో ముంచి, గవాచి అంచుల మసి రాల్చేది. పొడి చీపురుతో దులిపితే మసి ఇల్లంతా ఎగురుతుందని తడపడం. ఒక నెల తప్పిపోతే చాలు, పైకి పోవాల్సిన పొగ వెనక్కి వచ్చేది. "పొగ తిరగబడతాండాది, కర్ర తీసుకురాండి మే" అని అమ్మ అరిచేది. ఆమెకు క్యాలెండరు కంటే పొగ మీదే నమ్మకం.

వాన పని మాత్రం మా ఇద్దరిది. మా పక్క వాన రావడమే గొప్ప కాబట్టి తొలి చినుకుకే ఇంట్లో హడావుడి మొదలయ్యేది. "వానొస్తాండాది!" అని అరవడం నా వంతు. నిచ్చెనెక్కి గవాచి మీదికి బండ జరపడం అక్క వంతు. నేను కింద నిలబడి "మూసినావా? మూసినావా?" అని అజమాయిషీ చేసేదాన్ని. బండ పడిన చప్పుడు వినగానే నా బాధ్యత తీరిపోయేది. వాన వెలిశాక మళ్లీ నిచ్చెనెక్కి బండ తీసింది ఎవరో నేను ఏనాడూ చూడలేదు. అప్పటికి నేను వీధిలో నీళ్లు తొక్కుతూ ఉండేదాన్ని. తీసింది అక్కేనని వేరే చెప్పాలా? అంటే ఆ పనిలో నాకు సగమే వచ్చు. మూయించడం వచ్చు. తెరవడం నేర్చుకోలేదు.

రేకు వేయించిన నెలకు అక్క వచ్చింది. స్నానాల గది కలిసి ఉన్న గది ఆమెకిచ్చాను. మొదటి వారాలు ఎంత బాగుండేవో! పొద్దున్నే ఇద్దరం కాఫీ తాగుతూ పుంగనూరు మాటలు మొదలుపెడితే పది గంటలయ్యేది. తర్వాత దగ్గు మొదలైంది. ముందు పొద్దున పూట, తర్వాత రోజంతా. స్నానాల గది గోడ మీద నల్లటి చుక్కలు పుట్టాయి. తువ్వాళ్లు ఆరేవి కావు. పై ఇంట్లో ఉప్పుచేపలు వేయిస్తే మా దుప్పట్లకు ఆ వాసన. నేను ఫినాయిలు పోసి కడిగించాను, సువాసన డబ్బా తెచ్చి తగిలించాను. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే "ఇంట్లో పావురాలు పెంచుతున్నారా అమ్మా?" అని అడిగాడు. నేను నవ్వి, మాకదొక్కటే తక్కువ అన్నాను.

ఐదు నెలలు అలా గడిచాక అక్క కుప్పం పోతానంది. నేను నోరు పారేసుకున్నాను. "ఇరవై ఏండ్లు ఆ రాళ్ల దుమ్ము మింగి, ఇప్పుడు నా ఇంటి మీద నింద వేస్తావా?" అన్నాను. అక్క చీరలు మడత పెట్టుకుంది. బస్టాండు దాకా కూడా నేను పోలేదు. బాల్కనీలోంచి ఆటో మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చి, రెండు కప్పుల కాఫీ కలిపి, ఒకటి పారబోశాను.

ఆమె పోయిన రెండో వారంలో నీళ్ల పైపు ఒకటి కారుతుంటే పక్కనున్న అంగళ్లు అనే ఊరి నుంచి ప్లంబరు వచ్చాడు. కింద డక్టు తలుపు తీసినవాడు తీసినట్టే వెనక్కి వచ్చి, చొక్కా ముక్కుకు అడ్డం పెట్టుకుని నన్ను పిలిచాడు.

"అమ్మా, ఒగసారి ఈడికొచ్చి సూడండి."

చూశాను. పైపుల మీద, మూలల్లో పావురాల గూళ్లు. తలుపు పైనున్న జాలీ పగిలిన సందులోంచి దూరి కాపురాలు పెట్టాయి. అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న రెట్ట మోకాలెత్తు ఉంది. గోడలకు చిమ్నీల జిడ్డు, దానికి అంటుకున్న ఈకలు. పైకి చూస్తే ఆకాశం ఉండాల్సిన చోట నా రేకు.

"పైన మూసేసినారు గదమ్మా. లోపల గాలి యాడికి పోవాల? మీ ఇండ్లలోకే వస్తాది" అన్నాడు ప్లంబరు. మా ఇంటికి వచ్చి, పాత పేపరు ముక్క సన్నగా చించి, అక్క స్నానాల గది వెంటిలేటరు ముందు పట్టాడు. గాలి సరిగ్గా ఆడుతుంటే ఆ ముక్క బయటి వైపు వంగాలట. అది నా ముఖం వైపు వంగింది. నేను ఆ గదిలోనే బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుండిపోయాను. ఐదు నెలల పాటు అక్క ఆ రెట్ట దుమ్మును పీల్చింది. ఆమెను నా ఇంటికి తెచ్చిందీ నేనే, పైన మూయించిందీ నేనే.

మర్నాడే మీటింగు పెట్టి, తప్పు నాదని చెప్పాను. ఎవరో మర్యాదకు "అందరం ఒప్పుకున్నాం కదా మేడం" అన్నారు గానీ నాకు ఊరట కలగలేదు. రేకు పీకించాను. ఇళ్లన్నిటికీ వెంటిలేటర్లకు తడిగుడ్డలు అడ్డం కట్టమని చెప్పాను. పనివాళ్లు ముఖాలకు మాస్కులు కట్టుకుని, రెట్టను ముందు బాగా తడిపి, పై నుంచి కిందికి గోకుతూ వచ్చారు. తడపమని నేను చెప్పబోయేలోపే వాళ్లు తడిపారు. అమ్మ ఉంటే మెచ్చుకునేది. గోనెసంచులు లెక్కలేనన్ని బయటికి పోయాయి. రేకును మళ్లీ వేయించాను గానీ ఈసారి రెండడుగుల ఎత్తున ఇనుప కాళ్ల మీద. వాన లోపలికి రాదు, గాలి బయటికి పోతుంది. పక్కలకూ, కింద తలుపు సందుకూ పావురాలు దూరకుండా వల. ఇప్పుడు వానలకు ముందొకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి డక్టు కడిగిస్తున్నాం. నడుమలో ఎవరింట్లోనైనా పేపరు ముక్క లోపలికి వంగితే అప్పుడు కూడా. నన్ను చాదస్తం అనుకునేవాళ్లు అనుకుంటున్నారు.

పని పూర్తయిన రోజే కుప్పం బస్సెక్కాను. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు మా వీధి వైపు చూశాను. మిద్దె ఎప్పుడో పోయింది, అక్కడ మూడంతస్తుల బిల్డింగు లేచింది. పలమనేరు దాటేదాకా అక్కకు చెప్పాల్సిన మాటలు బడిపాఠంలా వల్లె వేసుకున్నాను. తీరా ఇంటికి పోయి ఆమెను చూడగానే ఒక్కటీ రాలేదు. "నీ దగ్గుకు నేనే కారణం అక్కా. నేను డక్టు మూయించినా" అన్నాను.

అక్క చిక్కుళ్లు ఒలుస్తోంది. చేయి ఆపలేదు.

"నాకు తెలుసు పాపా" అంది. "నేనొచ్చిన నెలకే వడియాలు ఎండబెట్టను మిద్దె మీదికి పోయినా. ఆడ రేకు సూసినా. పొగ తిరగబడేది నాకు తెలీదా?"

"తెలిసి యాల సెప్పలేదు?"

"కింద బోర్డు మీద నీ పేరు పెట్టినారు. కనబడినోళ్లంతా, మీ చెల్లెలు భలే పని చేయించింది అని నాతో అంటాండిరి. నువ్వు దాన్ని సూసుకొని మురిసిపోతాండావు. నలుగురిలో నీ తల దించాల్నా? నేను పోతే సరిపోతాది గదా అనుకొంటి."

నేను ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. ఈసారి పొగ మీదికి నెట్టలేదు. చిక్కుడు పొట్టు నా జుట్టుకు అంటుకుంటే అక్క ఒక్కొక్కటే ఏరింది.

మర్నాడు నాతో వచ్చేసింది. ఇప్పటికి రెండేళ్లు. దగ్గు చాలా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఊపిరితిత్తుల్లో కొంత గట్టిపడిందని, అది ఇక మెత్తబడదని డాక్టరు చెప్పాడు. అందులో రాళ్ల దుమ్ము ఎంత, పొయ్యి పొగ ఎంత, మా ఇంట్లో ఆ ఐదు నెలలు ఎంత అని అడిగాను. అలా విడదీసి చెప్పడం కుదరదన్నాడు. అక్కనూ అడిగాను, మా ఇంటికి రాకముందు ఆయాసం ఎలా ఉండేదని. "ఇంతకంటే ఎక్కువే ఉండేది పాపా" అంది. అది నిజమో, నా కోసం చెప్పిందో నాకు ఎప్పటికీ తెలియదు.