తోక తెగిన మాటలు

ఇలా నా పక్కకు జరిగి కూర్చోండి, ఆ ఫోను కాసేపు అవతల పెట్టండి. మా ఆయన మాట పోయి మళ్లీ ఎలా వచ్చిందో చెబుతాను. అయిదో తరగతితో చదువు ఆపేసినదాన్నే కానీ, విన్నది మాత్రం మరిచిపోను.

అమీర్‌పేటలో ప్రతి గోడ మీదా సాఫ్ట్‌వేర్ కోర్సుల కాగితాలు అంటించి ఉండే రోజులవి. అక్కడే ఒక సందులో మాది చిన్న కర్రీ పాయింటు. వంట నాది, కౌంటర్ మా ఆయనది. మస్కట్‌లో పదకొండేళ్లు బండి నడిపి వచ్చిన మనిషి, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల పిల్లలు సగం ఆయన కబుర్ల కోసమే మా దగ్గరికి వచ్చేవారు. ఒక పొద్దున పక్షవాతం వచ్చింది. నెల తిరిగేసరికి చెయ్యి కుదుటపడింది కానీ మాటకు తోక తెగిపోయింది. నీళ్లు తాగుతానని చెప్పడానికి "నేను... నీళ్లు... తాగు" అనేవాడు.

ఇంట్లో నాకు అర్థమయ్యేది. చిక్కంతా కౌంటర్ దగ్గరే. "పప్పు తీసుకోండి" అనబోతే "పప్పు... తీసుకో" అని వచ్చేది. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దమనిషికి కోపం వచ్చింది. "ఏంటండీ, నన్ను పట్టుకుని నువ్వంటాడు?" అని పొట్లం అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజుతో మా ఆయన నోరు మూసుకున్నాడు. కౌంటర్ వైపు చూడడమే మానేశాడు. ఆయన అక్కడ నిలబడకపోతే నాకది మా కొట్టులాగే లేదు.

అమీర్‌పేటలో ఏది రాకపోయినా కోచింగ్ ఉంటుంది కదా! ముప్పై రోజుల్లో గలగలా మాట్లాడిస్తామన్న బోర్డు చూసి, ఆయన్ను స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు తీసుకెళ్లాను. ఇంగ్లీషు వద్దు సారూ, ఉన్న తెలుగు బాగుచేస్తే చాలన్నాను. ఆ సారు నవ్వలేదు, పాపం. మాట నేర్పే మేడములు ఆసుపత్రిలో ఉంటారని చెప్పి, పంజాగుట్ట ఆసుపత్రికి దారి రాసిచ్చాడు.

అక్కడ బెంచీ మీద మా పక్కన ఒక అరబ్బు పెద్దాయన, ఆయన మాటలు డాక్టర్లకు విప్పి చెప్పే పాతబస్తీ మనిషి కూర్చున్నారు. పెద్దాయనకూ మా ఆయన జబ్బేనట. కానీ ఆయన మాట సగంలో తెగడం లేదు. మరి జబ్బేమిటని అడిగాను.

"మన తెలుగుల తోక తీసేస్తే తిను, తాగు అని మిగుల్తదమ్మా," అన్నాడు పాతబస్తీ మనిషి. "అరబ్బీల గట్ల కాదు. అక్షరాలు ఒంట్ల బొక్కల లెక్క ఉంటయి, నడుమ అచ్చులు కండ లెక్క పడ్తెనే మాట. అందుకే ఈయనకు తోక తెగదు, అంగీ మారుతది. నేను పోయిన అనబోతే ఆమె పోయింది అని వస్తది. ఫికర్ చెయ్యకు, తెలివి యాడికీ పోలే."

తెలివి పోలేదన్న మాటకు మా ఆయన తలెత్తాడు. తనకొచ్చిన మస్కట్ అరబ్బీలో పెద్దాయనను ఏదో అడిగాడు. ఈయనదీ తప్పే, ఆయన జవాబూ తప్పేనట. పెద్దాయన మాత్రం ప్రతి మాటకు ముందు "యా అఖీ" అంటున్నాడు, సోదరా అని. తప్పు మీద తప్పు మాట్లాడుకుంటూ, మేడమ్ పిలిచినా లేవకుండా ఇద్దరూ ఒకటే నవ్వు. ఆ నవ్వు విని నాకు ఎన్నాళ్లయిందో.

మర్నాడు నేను వంకాయలు తరుగుతుంటే, ఆయనంతట ఆయనే వెళ్లి కౌంటర్ వెనక నిలబడ్డాడు. ఎర్రమంజిల్ ఆఫీసులో పనిచేసే ఒకాయన వచ్చాడు. నా చెయ్యి ఆగిపోయింది.

"అన్నా..." అన్నాడు మా ఆయన. కాసేపు వెతుక్కున్నాడు. "అన్నా, పప్పు... తీసుకో."

హైదరాబాదులో ముందు అన్నా అని పిలిస్తే, వెనక వచ్చే మాట ఎంత మొరటుగా ఉన్నా ఎవరికీ గుచ్చుకోదు.

"ఇయ్యన్నా, జర చారు సుత ఇయ్యి," అన్నాడు ఆ ఆఫీసాయన, చేతిసంచీ తెరుస్తూ.

మేడమ్ ఎన్ని పాఠాలు చెప్పినా ఆ తోక పూర్తిగా మొలవలేదు. అయితేనేం, ఆడవాళ్లకు అక్కా, ముసలివాళ్లకు బాపూ అని ముందు తగిలించి, మా ఆయన కౌంటర్ మళ్లీ ఏలుకున్నాడు.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇంట్లో అందరి నోటా మాట నిండుగా ఉండాలి. ఎవరికైనా తడబడితే ఆగి వినే మనిషి పక్కనే ఉండాలి. మీ పొయ్యి మీద కూర మాడకుండా, మీరంతా చల్లగా ఉండాలి.